డోరు నంబరు పడ్డ కారు

వసతుల మండలి పెద్దలారా, నడుస్తున్న కారును పట్టుకుని ఇల్లన్నది మీరు. దాని నంబరు ప్లేటు ఊడదీసి బీరువాలో పెట్టి తాళం వేసుకున్నది మీరు. కింద ఇటుకలు పేర్పించింది మీరు. ఆ తర్వాత అందులోనే వంతులేసుకుని నిద్రపోయిందీ మీరే. ఇప్పుడేమో అసలు ఏమీ జరగలేదని స్టాంపు గుద్దిన కాగితం ఒకటి బయటికి వదిలారు. జరిగింది ఊళ్ళో సగం మందికి తెలుసు. మిగతా సగానికి కూడా తెలియాలి కాబట్టి మొదటి నుంచీ చెప్పక తప్పడం లేదు.

మంచుగొంది కొండ కింద పట్నంలో నూకరత్నం డ్రైవింగు స్కూలు నడుపుతుంది. స్కూలంటే భవనం, బల్లలు అనుకునేరు. ఒక్క చిన్న కారు, అంతే. తెల్లది, పదకొండేళ్ళ పాతది, నెత్తి మీద ఎర్రటి 'ఎల్' బోర్డు. అందులో బ్రేకులు రెండు. నేర్చుకునే మనిషి కాళ్ళ దగ్గర ఒకటి, ఎడం పక్క కూర్చునే నూకరత్నం కాళ్ళ దగ్గర ఒకటి. మిగతా స్కూళ్ళలో మేస్టార్లు స్టీరింగు లాక్కుంటారు, కసురుతారు, మీ ఆయన్ని పంపించండమ్మా అంటారు. నూకరత్నం నోరు మెదపదు. కాలు ఆ రెండో బ్రేకు మీద ఆనించి కూర్చుంటుంది. ఆ కాలి ధైర్యంతోనే ఇప్పటికి రెండు వందల పైచిలుకు ఆడవాళ్ళు కారు నేర్చుకున్నారు.

ఇప్పుడు నేర్చుకుంటున్నవాళ్ళలో దేముడమ్మ ఒకతి. మున్సిపాలిటీలో పన్నెండేళ్ళుగా వీధులూడుస్తోంది. నడుము అరిగిపోయింది. చెత్త బండికి డ్రైవరు కావాలి, ఈ నెలాఖరు శుక్రవారం సాయంత్రం అయిదులోగా లైసెన్సు తెస్తే బండి నీకే అన్నారు ఆఫీసులో. కూర్చుని చేసే పని ఒకటి తన జన్మలో వస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. టెస్టు ఆ వారమే, బుధవారం మధ్యాహ్నం రెండున్నరకు. వేరే కారు ఎక్కితే క్లచ్ ఏదో బ్రేకు ఏదో తోచదు. ఆమెకు వచ్చిందల్లా ఈ కారు, ఈ పక్కన ఈ కాలు.

ఇక్కడ ఈ మధ్య పట్టుకున్న ఇంకో జబ్బు గురించి చెప్పాలి. మనుషులకు ఇళ్ళల్లో నిద్ర మానేసి కొండ మీద పడుకోవాలన్న పిచ్చి పట్టింది. దాని పేరు క్యాంపింగు. శనివారం వస్తే చాలు, మంచుగొంది నిండా నీలం టెంట్లు, పచ్చ టెంట్లు, పొద్దున్నే మేఘాలకు వీపు పెట్టి సెల్ఫీలు. నూకరత్నానికీ ఆమె భర్త సన్యాసిరావుకూ పెళ్ళయి పాతికేళ్ళయింది. స్కూలు పెట్టిన తొమ్మిదేళ్ళలో ఒక్కరోజు సెలవు తీసుకోలేదు, మనమూ ఒకసారి ఆ మేఘాలేవో చూసొద్దాం అందామె. సన్యాసిరావు చెరకు ఫ్యాక్టరీ కాటా దగ్గర ముప్పై ఏళ్ళు లారీలు తూచి రిటైరైన మనిషి. ఆరడుగుల రెండంగుళాలు. మనిషిని చూస్తే చాలు, ఎన్ని కిలోలో చెప్పేస్తాడు.

అద్దెకు తీసుకున్న టెంటు అడుగున తడి ఊరింది. దాంతో ఇద్దరూ కారులోకి మారారు. ముందు సీట్ల వీపులు వెనక్కి వాల్చేశారు. రెండు బొంతలు పరిచారు. అద్దాలు అంగుళం మేర దించి, పాత నేత చీర అడ్డంగా కట్టి, బట్టల క్లిప్పులు పెట్టారు. నూకరత్నం పొట్టి మనిషి, ముడుచుకుని స్టీరింగు కిందికి సర్దుకుంది. సన్యాసిరావు కాళ్ళకే చోటు లేదు. ఎటు తిప్పినా అవి పోయి రెండో బ్రేకు మీద ఆగాయి.

"ఏమండీ, బ్రేకు తొక్కీసినట్టున్నారు, కాలు తియ్యండి" అంది నూకరత్నం.

"తీసి ఎక్కడ ఎట్టమంటావు? నీ నెత్తి మీదా?" అన్నాడు సన్యాసిరావు.

అలా తెల్లవార్లూ కారు వెనక ఎర్ర లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. పొద్దున మేఘాలు చూశారు, టీ తాగారు, తాళం తిప్పారు. బ్యాటరీ చచ్చిపోయింది. సాయం చెయ్యండి బాబూ అని అటుగా వస్తున్న జీపును ఆపారు. అదే వాళ్ళు చేసిన పొరపాటు. ఆ జీపు లాడ్జీలకు లైసెన్సులిచ్చే వసతుల మండలిది. అందులోంచి దిగింది చక్రధరబాబు, ఆ మండలి సహాయ సంచాలకుడు. గుండ్రటి పొట్టి మనిషి, మాట్లాడితే ప్రతి మాటా ఫైల్లోంచి తీసినట్టే ఉంటుంది. వెనకాల టేపు పట్టుకుని ఇందుమతి అనే గుమస్తా.

చక్రధరబాబు కారు చుట్టూ ఒకసారి తిరిగి, బొంతలు చూసి, క్లిప్పులు లెక్కపెట్టి, చాలా మర్యాదగా అడిగాడు, రాత్రి సుఖంగా నిద్ర పట్టిందా అని.

"హాయిగా పట్టింది బాబూ. ఇంట్లో కూడా ఇలగ పట్టదు" అంది నూకరత్నం, మంచీ చెడ్డా అడుగుతున్నాడు కదా అనుకుని.

ఆయన ఇందుమతి వైపు తిరిగి, రాసుకో అన్నాడు. ఒప్పుకోలు నమోదైంది. ఆ తర్వాత విషయం వివరించాడు. అలసట వల్ల వచ్చే నిద్ర విశ్రాంతి. దానితో మండలికి సంబంధం లేదు. సుఖం వల్ల వచ్చే నిద్ర శయనం. అది పూర్తిగా మండలి పరిధి. పైకప్పు, తలుపు ఉన్న చోట శయనం జరిగితే నిబంధన నాలుగు ప్రకారం అది వసతి గృహం. ఈ వసతికి నాలుగు తలుపులున్నాయి కాబట్టి అనుమానానికి తావే లేదు. పైపెచ్చు రాత్రంతా ఎర్ర దీపం వెలిగించి, గది నిండిందని బాహాటంగా ప్రకటించారు.

"అది మా ఆయన కాలండి" అంది నూకరత్నం.

"సదరు కాలు యాజమాన్యానిదే కదమ్మా" అన్నాడు చక్రధరబాబు. అని ముందు అద్దం మీద బంక పూసి నోటీసు అంటించాడు. జీపు మనుషులు నలుగురు కారును పల్లంలోకి తోసి స్టార్టు చేయించారు. ఆ పుణ్యం మాత్రం కట్టుకున్నారు.

సోమవారం నూకరత్నం మండలి ఆఫీసుకు వెళ్ళింది. ఇంకెప్పుడూ కారులో కన్ను మూయనని రాసిస్తానంది. చక్రధరబాబు తల అడ్డంగా ఊపాడు. ఒకసారి వసతి అయినది ఎప్పటికీ వసతే. పడుకోవడం మానేస్తే అది మూతపడిన వసతి అవుతుంది, దానికి వేరే విచారణ. అన్నిటికన్నా సులువు వసతి లైసెన్సు తీసుకోవడం. నూకరత్నం ఆలోచించింది. టెస్టుకు ఇంకా పదహారు రోజులున్నాయి. కాగితమే కదా, వీళ్ళ కాగితం వీళ్ళ మొహాన కొట్టి తన కారు తను తోలుకోవచ్చు. సరే, ఇచ్చీండి బాబూ అంది. కొలతల నిమిత్తం సదరు వసతిని కార్యాలయ ఆవరణలో హాజరుపరచవలెను అన్నారు. తనే తోలుకుని తీసుకెళ్ళి కానుగ చెట్టు కింద పెట్టింది.

రెండు రోజులు కొలిచారు. తలుపులు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి. వసతి గృహానికి రిసెప్షన్ ఉండాలి, ఎక్కడ అన్నారు. నూకరత్నం డాష్‌బోర్డు గూడు తెరిచి చూపించింది. రిసెప్షన్ కలదు అని రాసుకున్నారు. డిక్కీ సామాన్ల గది. హారన్ కాలింగ్ బెల్. ముందు అద్దం కొండ కనిపించే వరండా. అగ్నిప్రమాద నివారణకు ఇసుక బకెట్టు తప్పనిసరి అంటే బానెట్టు మీద ఇసుక బకెట్టు పెట్టారు. మరుగుదొడ్డి ఏదన్నారు. చివరికి ఇందుమతే ఆఫీసు మరుగుదొడ్డి వైపు బాణం గుర్తు గీసిన అట్టముక్క ఒకటి వైపరుకు తగిలించింది. అతిథుల రిజిస్టరు, పెన్ను రిసెప్షన్లో పెట్టించారు. బుధవారం సాయంత్రానికి లైసెన్సు వచ్చేసింది, బంగారు రంగు అంచుతో. నూకరత్నం దండం పెట్టి, కారెక్కి, తాళం తిప్పింది.

చక్రధరబాబు పరుగెత్తుకుంటూ వచ్చి అడ్డంగా నిలబడ్డాడు. "అమ్మా, కట్టడాన్ని ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

అప్పుడు తెలిసింది అసలు సంగతి. లైసెన్సులో చిరునామా ఉంది. మండలి ఆవరణ, కానుగ చెట్టు కింద. కట్టడం తన చిరునామా విడిచి రోడ్డెక్కితే రోడ్డును ఆక్రమించినట్టే. అంతేకాదు, పునాది లేని కట్టడం ప్రజలకు ప్రమాదకరం. మర్నాటికి జాకీ పెట్టి లేపి కారు కింద నాలుగు మూలలా ఇటుకలు పేర్చారు. చక్రాలు గాల్లో తేలాయి. కట్టడానికి రెండు నంబర్లు ఉండరాదని రిజిస్ట్రేషన్ ప్లేటు స్క్రూలు విప్పి బీరువాలో పెట్టి, దాని స్థానంలో నీలం రేకు మీద తెల్ల అక్షరాలతో డోరు నంబరు బిగించారు. 1-1.

"రెండో డోరు ఎక్కడుందండి?" అని అడిగింది నూకరత్నం.

అభివృద్ధి దశలవారీగా జరుగుతుందని జవాబు.

నూకరత్నం ఏడవలేదు. ఆమెకు కోపం వస్తే నోటికి కాదు, కాలికి వస్తుంది. ఆ రాత్రంతా మంచం మీద కుడికాలితో లేని బ్రేకును తొక్కుతూనే ఉందని సన్యాసిరావు తర్వాత చెప్పాడు. తెల్లారి దేముడమ్మను పిలిచి పెరట్లో స్టూలు మీద కూర్చోబెట్టింది. చేతికి అన్నం కంచం ఇచ్చింది, అదే స్టీరింగు. కాళ్ళ దగ్గర మూడు చెక్కముక్కలు, క్లచ్, బ్రేకు, యాక్సిలరేటరు. తను పక్కన పీట వేసుకుని రోడ్డు చదివింది. కుడి మలుపు, స్పీడు బ్రేకరు, ఎదురుగా ఆవు.

దేముడమ్మ నోటితో హారన్ కొట్టింది.

"ఆవుకి హారనేటి దేముడమ్మా? బ్రేకు. ఆవుకి సెవులుంటే రోడ్డు మీద పడుకుంటదా?"

"అక్కా, కంచంతో నేర్సుకున్నానని బ్రేకు ఇన్‌స్పెక్టరుకి సెప్తే కంచమే ఇచ్చి పంపీస్తాడు" అంది దేముడమ్మ. నవ్వుదామని అంది గానీ నవ్వు రాలేదు. పన్నెండేళ్ళు చీపురు పట్టిన ఆ చేతుల్లో కంచం పదికి పదిసార్లూ సరిగ్గానే తిరిగింది. తిరగాల్సింది కంచం కాదు.

ఈలోగా మండలిలో కొత్త అవసరం పుట్టింది. లైసెన్సు ఉన్న వసతికి నక్షత్రాలు ఇవ్వాలి. నక్షత్రాలు ఇవ్వాలంటే తనిఖీ అధికారి స్వయంగా అందులో నిద్రించి నివేదిక రాయాలి. అయితే అధికారి పని వేళలు పదిన్నర నుంచి అయిదు. పని వేళలు దాటిన నిద్ర ప్రైవేటు నిద్ర, దానికి విలువ లేదు. అందువల్ల మధ్యాహ్నం రెండు నుంచి మూడు వరకు జరిగేదాన్ని ప్రామాణిక నిద్రగా పరిగణించవలెనని చక్రధరబాబు సర్క్యులరు తయారుచేసి, తనే సంతకం పెట్టి, రెండయ్యేసరికి దిండు చంకలో పెట్టుకుని కారు దగ్గరికి వచ్చాడు. నూకరత్నం రిజిస్టరు తీసి సంతకం పెట్టించుకుంది. వచ్చిన కారణం అన్న గడిలో ఆయన 'నిద్ర, ప్రభుత్వ నిమిత్తం' అని రాశాడు.

పొట్టి మనిషి కదా, వెనక సీటు ఆయన కొలతకే కుట్టినట్టు ఉంది. కానుగ నీడ, సన్నటి గాలి. మూడుంబావుకు లేచి, ఇన్నేళ్ళ సర్వీసులో ఇటువంటి నిద్ర ఎరగనన్నాడు. కానీ ఒక్క నిద్రతో నివేదిక సమగ్రం కాదు, తులనాత్మక పరిశీలన అవసరం. రెండో రోజూ వచ్చాడు. మూడో రోజు సూపరింటెండెంటు ఆయన్ని తప్పించి తను పరిశీలించాడు. నాలుగో రోజు అకౌంట్స్ వాళ్ళకు అసూయ పుట్టింది. టోకెన్లు పెట్టారు. కారులో చోటు దొరకనివాళ్ళు, రేపటి పరిశీలనకు సన్నద్ధత పేరుతో బల్లల మీదే తలలు వాల్చారు. రెండు నుంచి మూడు వరకు ఆ ఆఫీసులో ఇందుమతి ఒక్కతే మేలుకుని ఉండేది. ఆమెకు ఇన్‌వార్డు, ఔట్‌వార్డు రిజిస్టర్ల పని. లోపలికి వచ్చిందీ బయటికి పోయిందీ ఏదైనా సరే నంబరు వేసి రాయందే ఆమెకు అన్నం సహించదు.

లైసెన్సు రద్దు చెయ్యండి, నా కారు నాకు వదిలీండి అని నూకరత్నం మూడు అర్జీలు పెట్టింది. మూడింటికీ ఒకటే జవాబు. పరిశీలన పూర్తి కాలేదు. పూర్తయ్యే సూచన కూడా లేదు. ఎందుకంటే అంత మంచి పరిశీలన వాళ్ళ జన్మలో చేసి ఉండరు.

బుధవారం వచ్చింది. రెండుకి చక్రధరబాబు టోకెను. సంతకం పెట్టి, చెప్పులు విప్పి, దిండు సర్దుకుని, రెండు దాటి నాలుగు నిమిషాలకు గురక మొదలుపెట్టాడు. జాకీతో వచ్చిన సన్యాసిరావు ఆయన్ని కాటా మీద లారీని చూసినట్టు చూశాడు.

"ఎనభై నాలుగు కిలోలు. జాకీ ఎత్తుద్ది. వెనకవైపు నెమ్మదిగా దించండి, దొర్లీగలడు."

ఒక్కో మూల ఎత్తారు, ఒక్కో ఇటుకల పేర్పు తీశారు. ఇసుక బకెట్టు దించారు. అద్దానికి అంటించిన కాగితాలు పక్కకు లాగారు. గురక తాళం తప్పలేదు. దేముడమ్మ డ్రైవరు సీట్లో కూర్చుంది. నూకరత్నం ఎడం పక్క కూర్చుని కాలు రెండో బ్రేకు మీద ఆనించింది. ఇంజను మోగింది. వెనకాయన పక్కకు ఒత్తిగిల్లి దిండు సర్దుకున్నాడు.

గేటు దగ్గర ఇందుమతి రిజిస్టరు పట్టుకుని నిలబడి ఉంది. దేముడమ్మ కారు ఆపింది. ఇందుమతి అద్దంలోంచి లోపలికి చూసింది, వెనక సీటు చూసింది. ఔట్‌వార్డు నంబరు 417, వసతి ఒకటి, లోపల అతిథి ఒకరు, సమయం రెండు గంటల పది నిమిషాలు అని రాసి గేటు తీసింది.

టెస్టు మైదానం ఊరవతల. మధ్యలో సంత రోడ్డు, రెండు స్పీడు బ్రేకర్లు, ఒక నిజం ఆవు. ఆవు దగ్గర దేముడమ్మ హారన్ కొట్టలేదు. క్లచ్ తొక్కి, బ్రేకు మీద కాలు మెత్తగా వేసి, ఆవు తన పని చూసుకుని వెళ్ళేదాకా ఆగింది. నూకరత్నం కాలు బ్రేకుకు వెంట్రుకవాసి దూరంలో ఉంది. తొక్కాల్సిన పని పడలేదు.

బ్రేకు ఇన్‌స్పెక్టరు వెనక సీటు వైపు చూసి, ఆయనెవరు అని అడిగాడు. గెస్టండి అంది నూకరత్నం. వంగి డోరు నంబరు చదివాడు. ఉద్యోగంలో చాలా చూసిన మనిషి. సరే, ఎనిమిది వెయ్యమ్మా అన్నాడు. దేముడమ్మ ఎనిమిది వేసింది. రివర్సు చేసింది. ఎత్తు మీద ఆపి, హాఫ్ క్లచ్ మీద కారును వెనక్కి జారనివ్వకుండా ముందుకు తీసింది. ఒక్క కుదుపు లేదు. కుదుపు ఉంటే వెనకాయన చెప్పేవాడు.

"ఇన్నేళ్ళలో వెనక మనిషి లేవకుండా టెస్టు పాసైన మనిషివి నువ్వే" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఫారం మీద పాసని రాశాడు. కారు నంబరు గడి మాత్రం ఖాళీగా వదిలేశాడు. డోరు నంబరు అందులో రాయడానికి వీల్లేదు. శుక్రవారం సాయంత్రం అయిదులోగా అసలు ప్లేటు బిగించిన కారు చూపిస్తే గడి నింపి అప్పుడే లైసెన్సు చేతికిస్తానన్నాడు.

మూడూ అయిదుకు కారు కానుగ చెట్టు కింద ఉంది. ఇన్‌వార్డులో పడింది, మళ్ళీ ఇటుకలెక్కింది. అప్పటిదాకా సన్యాసిరావు ఖాళీ చోట్లో ఇటుకలకు కాపలాగా నిలబడి, మూడు కొట్టగానే లేచి రేపటి వంతు కోసం వచ్చి అడిగినవాళ్ళకు, లోపలాయన ఇంకా లేవలేదండి అని నిజమే చెప్పాడు. అంతకుమించి వాళ్ళూ అడగలేదు. మూడుంబావుకు చక్రధరబాబు కళ్ళు నులుముకుంటూ లేచాడు.

"ఎంత నిశ్చలంగా ఉందమ్మా మీ వసతి. మా ఇంట్లో మంచం కూడా ఇంత స్థిరంగా ఉండదు" అన్నాడు. అని మూడు నక్షత్రాలు రాశాడు.

గురువారం పొద్దున్నే నూకరత్నం, దేముడమ్మ ఆయన ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పారు. ఫారం చూపించారు. ప్లేటు ఇప్పించండి అన్నారు. ఆయన మొహం రంగులు మారింది. కట్టడం కదిలిందని ఒప్పుకుంటే తను దానితో పాటు ఊరంతా తిరిగినట్టు. తిరుగుతుంటే తెలియలేదంటే ఆ నిద్ర పరిశీలన కాదు, ఉత్త నిద్ర. అప్పుడు అన్ని రోజుల టోకెన్లూ ఉత్త నిద్రలే. లోపలికి వెళ్ళి తలుపు మూసుకున్నాడు. మధ్యాహ్నానికి కాగితం వచ్చింది.

"పై తేదీన రెండు గంటల నుండి మూడుంబావు వరకు సదరు వసతిలో ఈ క్రింద సంతకం చేసిన అధికారి విధి నిర్వహణలో ఉన్నారు. ఆ సమయంలో వసతి కదలలేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. కదిలి ఉన్నచో అధికారికి మెలకువ వచ్చి ఉండేది."

నకలు బ్రేకు ఇన్‌స్పెక్టరుకు కూడా పంపారు. కారు కదలకపోతే టెస్టు జరగలేదు. టెస్టు జరగకపోతే దేముడమ్మ పాసవలేదు. ఆవు లేదు, ఎత్తు లేదు, ఎనిమిది లేదు. దేముడమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివించుకుంది.

"అయితే ఆయన నిద్ర బాగా పట్టడమే నా తప్పంటావా అక్కా?"

నూకరత్నం లేచింది. వెళ్ళి ఇందుమతిని అడిగి ఔట్‌వార్డు 417 పేజీకి నకలు తీయించుకుంది. ఇందుమతి అడిగిన వెంటనే ఇచ్చింది, స్టాంపు కూడా వేసి.

కాబట్టి పెద్దలారా, మీ కాగితానికి మీ కాగితమే ఎదురొచ్చింది. మీ ఆఫీసులో మేలుకున్న ఒక్క మనిషి రాసిన మాట ఒకవైపు, పడుకున్న మనిషి రాసిన మాట ఒకవైపు. ఇందులో ఏది నమ్మాలో చెప్పడానికి కమిటీ అక్కర్లేదు. మీ నక్షత్రాలు మీరే ఉంచుకోండి. నీలం రేకూ మీదే, ఏ గోడకైనా కొట్టుకోండి. బీరువా తాళం తీసి, ప్లేటు బయటికి తెచ్చి, స్క్రూలు మీ చేతులతో బిగించండి. ఆ ధ్రువపత్రం చింపి, దాని చోట ఒక్క వాక్యం రాయండి, చక్రధరబాబుగారి సంతకంతో: నేను నిద్రపోయాను, కారు కదిలింది.

గడువు రేపు శుక్రవారం సాయంత్రం అయిదు. స్క్రూడ్రైవరు సన్యాసిరావు తెస్తాడు. దేముడమ్మ, నూకరత్నం, నేర్చుకుంటున్న మిగతా పదిమంది ఆడవాళ్ళు పదిన్నరకే మీ గేటు దగ్గర ఉంటారు. రెండు కొట్టకముందే పని కానివ్వండి.